చిన్నత్త స్కానుకి సంఘమంతా నీళ్లు తాగిన రోజు

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. రేడియాలజీ చదువు అప్పుడే ముగించి బొబ్బిలిలో ఒక స్కానింగ్ సెంటర్లో కొత్తగా చేరాను. మెడలో గుర్తింపు కార్డు వేసుకుని కూరగాయలకు కూడా వెళ్లేదాన్ని. (వంకాయలమ్మే ముసలమ్మ ఒకరోజు దాన్ని పట్టుకుని చూసి "బస్సు పాసేటమ్మా?" అని అడిగేవరకు ఆ అలవాటు పోలేదు.) మా నాన్నగారు ఊళ్లో సంఘ కాపరి. పాస్టరు కూతురు ఏం మాట్లాడినా ప్రసంగం అవుతుందని హాస్టల్లో స్నేహితురాళ్లు ఏడిపించేవారు. అందులో అబద్ధం లేదు. ఎవరికైనా తలనొప్పి మాత్ర చెప్పాల్సి వచ్చినా ముందు ఉపోద్ఘాతం, తర్వాత మూడు అంశాలు, చివర హెచ్చరిక ఉండేవి. దేవుడు మనిషిని ఎంత అద్భుతంగా చేశాడో ఆదివారం బడిలో వింటూనే పెరిగాను గానీ, స్కానింగ్ మిషను ముందు కూర్చున్నాక ఆ మాట నాకొక్కదానికే పూర్తిగా అర్థమైందన్న నమ్మకం కుదిరింది. ఆ నమ్మకాన్ని కాస్త సవరించింది మా చిన్నత్త.

చిన్నత్త నాన్నగారి చెల్లెలు. మా ఊళ్లోనే, మాకు వెనక వీధిలోనే ఇచ్చారు. ఊళ్లో పిల్లలందరికీ ఆదివారం బడిలో పాటలు నేర్పింది ఆవిడే. నాకు ముక్కు తుడవడం, రాగం తీయడం రెండూ ఒకే చేత్తో నేర్పింది. అంతమంది పిల్లలను పాడించిన మనిషికి సొంత పిల్లలు లేరు. ఎవరింట్లోనైనా బిడ్డకు పేరు పెట్టే ప్రార్థన జరిగితే, ఆ పసిబిడ్డను ఆవిడ చేతికి ఇవ్వడానికి కొందరు వెనకాడేవారు. ఆవిడ అది ముందే కనిపెట్టి, వెళ్లగానే వంటింట్లోకి దూరి గిన్నెలు తోమడం మొదలుపెట్టేది. చిన్నమావ ఆటో నడిపేవాడు. మంచివాడే గానీ, నలుగురూ తన భార్యను ఒక మాట అంటున్నప్పుడు ఆటో చక్రం వైపు చూస్తూ నిలబడేవాడు.

ఆ ఏడు చిన్నత్తకు నడుము నొప్పి పట్టుకుంది, తెల్లబట్ట కూడా అవుతోంది. ఊళ్లో సూదులేసే ఆయన వీధిలో ఎదురై, బండి దిగకుండానే, ఇంజను ఆపకుండానే రోగం తేల్చేశాడు. "గర్భసంచి పాడైపోనాది. తీయించీడమే. ఉంచితే కేన్సరవుతాది. అయినా పిల్లల్లేని మీకు దాంతో పనేటి?" అన్నాడట. పట్నంలో ఆపరేషన్ చేసే చోటు ఆయనే చెప్పాడు, వెళ్లే రోజు కూడా ఆయనే ఖాయం చేశాడు. ఆ సంగతి ఆదివారం ఆరాధన అయ్యాక, గుడి వరండాలో చెప్పులు వెతుక్కుంటూ చిన్నత్త నాతో చెప్పింది, ఎవరింట్లోనో పాత మంచం తీసేస్తున్నారన్నంత మామూలుగా.

"అత్తా, స్కాను తీశారా?"

"స్కానెందుకే గుంటా? నాకదేటి పనికొచ్చినాది? ఉంటే ఏటి, పోతే ఏటి."

నాకు కోపం వచ్చింది. కోపం వస్తే నాకు ప్రసంగం వస్తుంది. వరండా మెట్టు మీద నిలబడి, గర్భసంచి అంటే పారేసే వస్తువు కాదని, చూడకుండా ఎవరూ ఏదీ తీయకూడదని, మంగళవారం బొబ్బిలి వస్తే నేనే స్కాను చేస్తానని ప్రకటించాను. తర్వాత నియమాలు చెప్పాను. "ఇంటి దగ్గర ఒంటేలుకి వెళ్లిపో. తర్వాత కడుపారా నీళ్లు తాగు. తాగాక స్కాను అయ్యేవరకు వెళ్లకూడదు, బిగబట్టుకోవాలి. ఎందుకంటే మన పేగుల్లో గాలి ఉంటుంది, గాలి ఉంటే మిషనుకి ఏమీ కనబడదు. మూత్రపు సంచి నిండితే అది పేగులను పైకి నెట్టేస్తుంది. దాని వెనకే గర్భసంచి. నీళ్లలోంచి చూస్తే కిటికీ తెరిచినట్టు కనబడుతుంది." ఈ కిటికీ పోలిక నాకు చాలా నచ్చింది, అందుకని రెండోసారి కూడా చెప్పాను. అప్పటికి స్త్రీల సమాజం మొత్తం చుట్టూ చేరిందని గమనించాను. అది నా వాగ్ధాటి వల్లనే అనుకున్నాను.

చిన్నత్త ముఖం మాత్రం చిన్నబోయింది. "ఒక్కర్తినీ తాగి, ఒక్కర్తినీ బిగబట్టి, ఆ మిషను కింద ఒక్కర్తినీ పడుకోవాలా?" అంది. నేను ధైర్యం చెప్పి బస్సు ఎక్కేశాను. నేను వెళ్లాక ఆ వరండాలో జరిగింది నాకు మంగళవారం వరకు తెలియదు.

మా సంఘంలో ఒక అలవాటుంది. ఎవరైనా కష్టమొచ్చి ఉపవాస ప్రార్థన పెట్టుకుంటే, స్త్రీల సమాజం వాళ్లు ఆ మనిషిని ఒంటరిగా పస్తుండనివ్వరు. ఆవిడ తినకపోతే వీళ్లూ తినరు. ఆవిడ ముగించిన ప్రార్థనతోనే వీళ్లూ ముగిస్తారు. ఆ సమాజానికి పెద్ద మా మైకు పెద్దమ్మ. ఆవిడ ప్రార్థన మొదలుపెడితే గుడిలో మైకు కట్టేసేవారు, అవసరం లేక. పొలంలో ఉన్నవాళ్లు కూడా ఆమేన్ అనేవారని చెప్పుకునేవారు. ఆవిడ ఆలోచించినదాంట్లో తప్పేమీ లేదు. తిండి మానాలంటే కలిసి మానేస్తాం, అలాంటప్పుడు నీళ్లు తాగాలంటే కలిసి ఎందుకు తాగం?

మంగళవారం మా సెంటరు మెట్ల మీద సందడి వినబడి బయటికి వచ్చాను. కింద బెల్లం షావుకారు గారి దుకాణం, పైన మా సెంటరు. చిన్నమావ ఆటోలోంచి, దాని వెనక ఇంకో ఆటోలోంచి, తెల్లచీరల ఆడవాళ్లు నీళ్ల సీసాలతో దిగి, చాలా జాగ్రత్తగా, గుడ్ల బుట్టలు మోస్తున్నట్టు మెట్లు ఎక్కుతున్నారు. ఎవరూ నవ్వడం లేదు. అందరూ బల్లల మీద మోకాళ్లు దగ్గరగా పెట్టుకుని కూర్చున్నారు.

"పెద్దమ్మా, ఇంతమందికీ స్కానింగా?" అన్నాను భయంగా.

మైకు పెద్దమ్మ నా చెవి దగ్గరకు వచ్చి గుసగుసగా, "కాదు డాక్టరు పాపా, తోడు," అంది. నా జీవితంలో ఆవిడ గుసగుస వినడం అదే మొదటిసారి. "గట్టిగా మాటాడకు. మేమూ ఇంటికాడే తాగీసినాము. దగ్గొచ్చినా పెమాదమే."

నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక నవ్వు వచ్చింది, కానీ వాళ్ల ముఖాలు చూసి మింగేశాను. "మీరు వెళ్లిరావచ్చు పెద్దమ్మా. అదిగో, మెట్ల పక్కన ఉంది," అన్నాను.

"మీ అత్త ఆ స్కాను బల్ల మీంచి లేచీవరకూ ఎవలమూ ఎల్లం. మాటనుకున్నాం."

సరిగ్గా అప్పుడే కడుపు నొప్పితో ఒక గర్భిణిని మోసుకొచ్చారు. ఆమెను ముందు చూడక తప్పలేదు. బిడ్డ క్షేమంగా ఉందని చెప్పి పంపి బయటికి వచ్చేసరికి బల్లల మీద పరిస్థితి విషమించింది. ఒకావిడ కళ్లు మూసుకుని ఊగుతోంది. ఇంకొకావిడ నిలబడి గోడను పట్టుకుంది. దాహం వేసి మూలనున్న నీళ్ల డబ్బా కుళాయి విప్పిన ఎవరో పెద్దమనిషిని, ఆ చప్పుడు భరించలేక, అందరూ కలిసి "ఉస్స్!" అని ఆపించారు. మైకు పెద్దమ్మ పెదవులు కదులుతున్నాయి గానీ శబ్దం రావడం లేదు. ఆ ప్రార్థన పొలంలోకి కాదుగదా, పక్క బల్లకు కూడా చేరలేదు.

చిన్నత్తను పడుకోబెట్టి పొట్ట మీద జెల్ రాశాను. "ఓలమ్మ, సల్లగున్నాదే!" అని మెలికలు తిరిగింది. మిషను ఆనించగానే తెరంతా నలుపు. మూత్రపు సంచి నిండితే తెర మీద నల్లగా, నున్నటి అంచుతో కనబడుతుంది. అది మామూలే. కానీ ఇది సంచి కాదు, వరద రోజుల్లో తోటపల్లి రిజర్వాయరు. మరీ నిండిపోతే వెనకున్న గర్భసంచిని అణగదొక్కేస్తుంది, ఆకారం తెలియదు.

"అత్తా, మరీ ఎక్కువ తాగేశావు. వెళ్లి కొంచెం పోసి రా. సగం చాలు."

"సగమా?" చిన్నత్త తల ఎత్తి నన్ను చూసింది. "ఇదేటి కుళాయేటే, సగం ఇప్పి కట్టీడానికి?"

"ఎలాగోలా ప్రయత్నించు అత్తా."

ఆవిడ చీర సర్దుకుని తలుపు తీసింది. నేను ఊహించి ఉండాల్సింది. తలుపు తెరుచుకోవడం, చిన్నత్త నిలబడి కనబడడం, మైకు పెద్దమ్మ గొంతు ఒక్కసారిగా వెనక్కి రావడం అన్నీ కలిసి జరిగాయి. "అయిపోనాది! లెగిసినాది! స్తోత్రం!" అని ఆవిడ అరిచిందో లేదో, స్త్రీల సమాజం మెట్ల పక్కనున్న ఆ ఒక్క తలుపు వైపు లగెత్తింది. "ఒసే, నాదింకా అవ్వలేదర్రా! నన్నెల్లనియ్యండే!" అని చిన్నత్త వెనక నుంచి మొత్తుకుంటోంది. వినేవాళ్లు లేరు. ఆ గోలకు కింద నుంచి షావుకారు గారి భార్య పైకి వచ్చింది. ఒక్క చూపులో సంగతి గ్రహించి, "ఇక్కడ తన్నుకోడం దేనికమ్మా? మాయింట్లో రెండున్నాయి, రండి," అని సగం మందిని దొడ్డి దారిన తీసుకుపోయింది. (ఆ మహాతల్లి మా సంఘం మనిషి కాదు, కారణం ఏమిటని అడగనైనా అడగలేదు. అందుకే దేవుడు తన దయను ఏ ఇంట్లో ఎంత పెట్టాడో లెక్కగట్టడం మానేశాను.)

ఎవరికి తోడుగా వచ్చారో ఆ మనిషికి వంతు చివర వచ్చింది. తిరిగి వచ్చినప్పుడు ఆవిడ ముఖం ప్రశాంతంగా ఉంది, అది చూసి నా గుండె జారింది.

"ఎంత ఆపావు అత్తా?"

"ఆపుదారనే అనుకున్నాను. అది నా మాట ఇన్లేదే. మొత్తం పోనాది."

మళ్లీ మొదటికి వచ్చాం. చిన్నత్త నీళ్ల సీసా ఎత్తింది. ఆ వెనకే మైకు పెద్దమ్మ ఎత్తింది. ఒక్కొక్కరూ తమ తమ సీసాలు వెతుక్కుంటున్నారు. నాకు ఓపిక పోయింది. "పెద్దమ్మా, ఆవిడ ఒక్కర్తి తాగితే చాలు. స్కాను ఆవిడకే. మీరు తాగింది నా మిషనుకి కనబడదు," అన్నాను.

"నీ మిషనుకి కనబడదని మాకు తెల్దేటి?" అంది మైకు పెద్దమ్మ, మూత తిప్పుతూ. "ఆయనకి కనబడతాది. దానికీ కనబడతాది." ఆయన అన్నప్పుడు పైకి చూసింది, దానికీ అన్నప్పుడు చిన్నత్తను చూసింది. చిన్నత్త సీసా నోటి దగ్గరే పెట్టుకుని తల వంచుకుంది. ఎన్ని ప్రసంగాలు విన్నదాన్ని, ఎన్ని చెప్పినదాన్ని! ఇందులో ఉపోద్ఘాతమూ లేదు, మూడు అంశాలూ లేవు. నేను కూడా ఒక సీసా తీసుకుని తాగాను.

రెండోసారి పడుకోబెట్టినప్పుడు నీళ్లు సరిగ్గా నిండాయి. ఆ రోజు కనబడినట్టు నాకు ఆ తర్వాత ఎప్పుడూ కనబడలేదనిపిస్తుంది. ముందు నల్లని నీటి సంచి, పలుచని గోడతో, తెల్లవారకముందు చెరువులా నిశ్చలంగా ఉంది. దాని వెనక ఒదిగి గర్భసంచి. ఒకవైపు గుండ్రంగా, మరోవైపు మెడలా సన్నగా, పక్కకు పడుకోబెట్టిన జామకాయలా ఉంది. అంచంతా నున్నగా ఉంది, ఎక్కడా గడ్డ లేదు, వాపు లేదు. మధ్యలో సన్నటి వెలుగు గీత, దీపం వెలిగించిన గదికి తలుపు కొద్దిగా తీసినట్టు. అటొకటి, ఇటొకటి అండాశయాలు, జీడిపిక్కలంతేసి. వాటిలో చిన్న చిన్న నల్లని చుక్కలు. ప్రతి నెలా ఎవరూ చెప్పకుండా, ఎవరూ మెచ్చుకోకుండా తమ పని తాము చేసుకుపోతున్నాయి. మనం పేరు పలకడానికే సిగ్గుపడి, చీరల కింద, మాటల కింద దాచేసే ఆ చోట ఇంత నేర్పు, ఇంత పొందిక. బొబ్బిలి వీణ చేసేవాళ్లు ఒకే పనస మానులో గుండ్రని కుండనూ సన్నటి దండినీ తొలుస్తుంటే చూసి అబ్బురపడ్డాను గానీ, ఈ పనితనం ముందు అది కూడా నేర్చుకుంటున్న చెయ్యే అనిపించింది.

"ఏటే, మాటాడవు? పాడైపోనాదా?" అంది చిన్నత్త. ఉంటే ఏటి, పోతే ఏటి అన్న గొంతు కాదది.

తెరను ఆవిడ వైపు తిప్పాను. ఒక్కొక్కటే చూపించాను. ఆవిడ రెప్ప వేయకుండా చూసింది.

"ఇదేనా నా సంచి?"

"ఇదే అత్తా."

"అన్నీ ఉన్నాయేటి?"

"అన్నీ ఉన్నాయి. ఎక్కడుండాల్సినవి అక్కడే ఉన్నాయి. తీయాల్సిందేమీ లేదు. తెల్లబట్టకు ఆడ డాక్టరమ్మ మందులిస్తుంది, తగ్గిపోతుంది. నడుము నొప్పి నడుముదే, దీనిది కాదు."

తెర వైపే చూస్తూ అడగాల్సింది అడిగింది. "మరి పిల్లలెందుకు పుట్టనేదే?"

తెలియని సంగతంటూ లేని నాకు ఆ జవాబు తెలియదు. "స్కానులో కనబడేవన్నీ బాగున్నాయత్తా. కనబడనివి చాలా ఉంటాయి, ఎందుకో నేను చెప్పలేను. మావ ఎప్పుడూ పరీక్ష చేయించుకోలేదు కదా. నేరం నీదేనని మాత్రం ఎవరూ చెప్పలేరు," అన్నాను. ఆవిడ చెయ్యి చాచి, వేలి కొసతో తెర మీద ఆ జామకాయ ఆకారాన్ని ఒక్కసారి తాకింది. ఇతరుల బిడ్డలను తాకడానికి వెనకాడే ఆ వేలితోనే.

ఈసారి తలుపు తీస్తే ఎవరూ పరిగెత్తలేదు. అవస్థ అంతే ఉన్నా, కూర్చున్నచోటే కూర్చుని నా నోటి వైపు చూస్తున్నారు. "బాగుంది. తియ్యక్కర్లేదు," అన్నాను. మైకు పెద్దమ్మ లేచి చేతులెత్తి, దాచిపెట్టుకున్న గొంతంతా ఒక్కసారి విప్పింది. కింద బెల్లం కొంటున్నవాళ్లు కూడా తలలెత్తి చూశారట. ఆమేన్ పడ్డాక అందరూ మెట్ల వైపు కదిలారు. (ముందు నేనే వెళ్లాను. డాక్టరుకి ఆమాత్రం మర్యాద ఉండాలి.) అప్పుడే తెలిసింది, చిన్నమావ కింద ఆటోలో కాళ్లు ముడుచుకుని, చెమటలు కారుస్తూ కూర్చున్నాడని. ఆయన కూడా తాగాడట, రెండుసార్లూ. ఎవరికీ చెప్పలేదు.

కథ అక్కడితో ముగిసి ఉంటే నా పరువు దక్కేది. ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే సమయానికి చిన్నత్త లేచింది. చేతిలో నేనిచ్చిన స్కాను ఫొటో ఉంది. కిటికీ వెలుతురు పడేలా దాన్ని పైకెత్తి పట్టుకుంది. ఆడవాళ్ల వైపు ఒకసారి, మగవాళ్ల వైపు ఒకసారి తిప్పి చూపించి మొదలుపెట్టింది. "ఈ నల్లగున్నాది ఒంటేలు సంచి. దీని ఎనక ఉన్నాదే, జామకాయిలాగ, అది నా గర్భసంచి. అటూ ఇటూ జీడిపిక్కలు." వేదిక మీద నాన్నగారు గట్టిగా కళ్లు మూసుకున్నారు. పెద్దలు నేలచాప అల్లికను పరీక్షగా చూడసాగారు. ఆ మాటలన్నీ పరీక్షల్లో గడగడా చెప్పి మార్కులు తెచ్చుకున్న నేను, ఆ చాప ఎత్తి దాని కిందకు దూరిపోదామా అని చూస్తున్నాను. "అత్తా, కూర్చో," అని చీర కొంగు కూడా లాగాను. ఆవిడ కొంగు విడిపించుకుంది.

"ఇన్నాళ్లూ దేవుడు నన్ను సగం సేసి వొదిలీసినాడనుకున్నాను. మీరూ అలగే అనుకున్నారు. నేదు. నన్ను పూర్తిగానే సేసినాడు. సూడండి."

అప్పుడు మగవాళ్ల వైపు నుంచి, వెనక వరుసలోంచి ఒక గొంతు "ఆమేన్" అంది. చిన్నమావ. నిలబడి ఉన్నాడు, ఆటో చక్రం వైపు కాదు, ఆవిడ వైపే చూస్తున్నాడు. ఆ తర్వాత మైకు పెద్దమ్మ అందుకుంది, ఇంకేముంది. మర్నాడు సూదులేసే ఆయన బండి ఆపితే చిన్నమావే ఎదురెళ్లి, "మాయింటిదాని సంచి జోలికి రాకు బావా. నేను కళ్లారా సూసినాను, బంగారంలాగున్నాది," అన్నాడట. పిల్లలు ఆ తర్వాతా పుట్టలేదు. కానీ పేర్లు పెట్టే ప్రార్థనల్లో చిన్నత్త వంటింట్లోకి వెళ్లడం మానేసింది. ముందు వరుసలో కూర్చుని, బిడ్డ కోసం రెండు చేతులూ చాచేది. ఇవ్వని తల్లి లేదు.

ఈ మధ్య చిన్నత్త మళ్లీ నా దగ్గరకు వచ్చింది, వేరే ఏదో నలతతో. నెలసరి ఆగిపోయి చాలా కాలమైంది. స్కాను చేస్తుంటే, ఆవిడ తెర వైపు తల తిప్పి అడిగింది.

"ఉన్నాదా ఇంకా?"

"ఉంది అత్తా. చిన్నదైపోయింది. నీ వయసుకి అలాగే అవ్వాలి. అంతా మామూలే."

"పనయిపోనాది, పడుకున్నాది," అంది తృప్తిగా. "పడుకోనీ."

ఆవిడ వెళ్లాక రిపోర్టులో 'వయసుకు తగినట్టు సాధారణం' అని రాశాను. గుడిలో నేలచాప కింద దాక్కోవాలనుకున్న ఆ మెడలో కార్డు పిల్ల గుర్తొచ్చి నవ్వుకున్నాను. పాపం, చదువు చాలా ఉండేది దానికి. ఆ ఆదివారం మరోసారి వస్తే బాగుండును. ఈసారి కొంగు లాగను. చిన్నత్త చెయ్యి నొప్పెడుతుందేమో, ఆ ఫొటో రెండో కొస నేను పట్టుకుంటాను.